శనివారం మందు, ఆదివారం కడుపు: ప్రోబయోటిక్స్ నిజంగా పని చేస్తాయా?

గాజువాక_షిఫ్ట్ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాకు 34 ఏళ్లు. గాజువాకలో ఉంటాను, షిఫ్ట్ డ్యూటీ. వారమంతా మందు ముట్టను. శనివారం రాత్రి మాత్రం స్నేహితులతో కూర్చుంటాను. ఒక క్వార్టర్, కొన్నిసార్లు దాని మీద ఒక స్ట్రాంగ్ బీరు. ఆరేడేళ్లుగా ఇదే అలవాటు. ఎప్పుడూ ఏ ఇబ్బందీ లేదు.

ఈ ఏడాది నుంచి మొదలైంది. ఆదివారం పొద్దున లేవగానే కడుపు ఉబ్బరం, మూడు నాలుగు సార్లు నీళ్ల విరేచనాలు. మంగళవారానికి గానీ కుదుటపడటం లేదు. దానికి తోడు జనవరి నుంచి నాలుగు సార్లు గొంతు నొప్పి, జ్వరం. మా ఇంట్లో చిన్నపాప ఉంది, నా జలుబు దానికి అంటుకుంటోంది. అది నాకు పెద్ద టెన్షన్.

మెడికల్ షాపులో చెబితే ప్రోబయోటిక్ సాచెట్లు పది ఇచ్చి, "తాగిన రాత్రి ఒకటి, పొద్దున ఒకటి వేసుకో" అన్నారు. రెండు వారాలు వేసుకున్నాను. తేడా ఉందని గానీ లేదని గానీ గట్టిగా చెప్పలేను. మంచి బ్యాక్టీరియా అంటారే, అది తాగేవాళ్ల పేగులకు పని చేస్తుందా? ఇమ్యూనిటీ పెరుగుతుందా? తాగే ముందు వేసుకోవాలా, తర్వాతా? మానెయ్యమని ఒక్క ముక్కలో చెప్పి వదిలెయ్యకండి. లోపల ఏం జరుగుతోందో తెలిస్తే నాకు ఉపయోగం.

బీచ్‌రోడ్డు_నడక | సోమవారం, రాత్రి 10:15

నేనైతే తాగిన రాత్రి గడ్డపెరుగు వేసుకుని అన్నం తిని పడుకుంటాను. పదేళ్లుగా ఏమీ కాలేదు. పెరుగు పేగులకు పూత లాంటిది. సాచెట్లు దండగ.

సూక్ష్మజీవి_మేడమ్ | మంగళవారం, ఉదయం 6:20

నేను డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతాను. డాక్టర్ని కాను. గాజువాక బాబు లోపల ఏం జరుగుతోందని అడిగారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ముందు లెక్క చూద్దాం. మన దగ్గర విస్కీ, బ్రాందీ సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. అందులో అసలు ఆల్కహాల్ దాదాపు 61 గ్రాములు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు 8 శాతం ఉంటే ఇంకో 41 గ్రాములు. రెండూ కలిస్తే వంద గ్రాములు దాటింది. మగవాళ్లు రెండు గంటల్లో సుమారు 70 గ్రాములు తాగితేనే దాన్ని ఒక్కసారిగా అతిగా తాగడం కింద లెక్క వేస్తారు. వారానికి ఒక్క రోజే కదా అని మీరు అనుకుంటున్నారు. పేగు మాత్రం ఆ ఒక్క రాత్రి వంద గ్రాములు చూస్తోంది.

పేగు లోపలి గోడ ఒకే ఒక్క కణం మందం. కణాలు ఒకదానికొకటి కుట్లు వేసినట్టు అతుక్కుని ఉంటాయి. ఆ కుట్లు గట్టిగా ఉన్నంతకాలం బ్యాక్టీరియా, వాటి చెత్త లోపలే ఉంటాయి, పోషకాలు మాత్రం రక్తంలోకి వెళ్తాయి. ఆల్కహాల్ విరిగితే ఎసిటాల్డిహైడ్ అనే విషం పుడుతుంది. లివర్‌లోనే కాదు, పేగులోని బ్యాక్టీరియా కూడా దీన్ని తయారు చేస్తాయి. ఇది ఆ కుట్లను వదులు చేస్తుంది. అప్పుడు కొన్ని రకాల బ్యాక్టీరియా పైపొరలో ఉండే ఎండోటాక్సిన్ అనే పదార్థం సందుల్లోంచి జారి, నేరుగా లివర్‌కు వెళ్లే రక్తనాళంలోకి చేరుతుంది. లివర్‌లో కాపలా కణాలుంటాయి. శత్రువు వచ్చాడనుకుని అవి మంట పుట్టిస్తాయి. వాపు మొదలయ్యేది అక్కడే.

మీ విరేచనాలకు ఇదొక్కటే కారణం కాదు. ఆల్కహాల్ పేగు కదలికను మారుస్తుంది, నీటిని సరిగ్గా పీల్చుకోనివ్వదు. పక్కన తిన్న నూనె వస్తువులు కూడా వాటి పని అవి చేస్తాయి.

పెరుగు పూత అన్నారు బీచ్‌రోడ్డు గారు. పెరుగు పూతలా అంటుకుని ఉండదండీ. కడుపులో ఆహారం ఉంటే ఆల్కహాల్ చిన్నపేగులోకి నెమ్మదిగా దిగుతుంది, అంతవరకు నిజం. ఆ పని ముందుగా తిన్న పప్పన్నమైనా చేస్తుంది. మీరు తాగిన తర్వాత తింటున్నారు. అప్పటికే చాలా భాగం రక్తంలో కలిసిపోయి ఉంటుంది.

గాజువాక_షిఫ్ట్ | మంగళవారం, మధ్యాహ్నం 3:05

వంద గ్రాములు అని ఎప్పుడూ లెక్క వేసుకోలేదు మేడమ్. ఒక్క డౌటు. ఈ కుట్లు వదులవ్వడం అనేది రోజూ తాగేవాళ్లకు కదా? ఒక్క రాత్రికే అవుతుందా?

సూక్ష్మజీవి_మేడమ్ | మంగళవారం, రాత్రి 8:50

ఒక్క రాత్రికే అవుతుంది. 2014లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న 25 మందికి, గంటలోపు రక్తంలో మత్తు ఒక స్థాయికి చేరేంత ఆల్కహాల్ ఇచ్చి చూశారు. రక్తంలో ఎండోటాక్సిన్ పెరిగింది. బ్యాక్టీరియా డీఎన్‌ఏ కూడా కనిపించింది.

ఇమ్యూనిటీ మీద 2015లో ఒక చిన్న పరిశోధన ఉంది, 15 మంది యువకులు, యువతులతో. తాగిన 20 నిమిషాలకు రక్షణ కణాలు ఎగిసిపడ్డాయి. 2 గంటలకు, 5 గంటలకు చూస్తే మోనోసైట్లు అనే తెల్లకణాలు, నేచురల్ కిల్లర్ కణాలు తగ్గిపోయి ఉన్నాయి. కిల్లర్ కణాలు వైరస్ పట్టిన కణాలను చంపేవి. మీ జలుబులన్నీ దీనివల్లేనని మాత్రం నేను అనను. నైట్ షిఫ్ట్‌లో నిద్ర చెడితే కూడా రోగాలు తొందరగా అంటుకుంటాయి. మీకు రెండూ ఉన్నాయి.

పేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజుల్లో కొత్తది వచ్చేస్తుంది. మీ కడుపు మంగళవారానికి కుదుటపడటంలో దానికీ వాటా ఉండొచ్చు. మళ్లీ శనివారం వస్తుంది.

మందుబిళ్ల | మంగళవారం, రాత్రి 11:30

ద్వారకానగర్ దగ్గర మెడికల్ షాపులో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. సాచెట్ల గురించి నేను చెప్పగలను.

ప్రోబయోటిక్ అని అడిగితే మేమిచ్చేవి అన్నీ ఒకటి కావు. చిన్న ప్లాస్టిక్ సీసాలో నీళ్లలా వచ్చేది బాసిల్లస్ క్లాసై బీజాలు. 250 మిల్లీగ్రాముల సాచెట్‌లో వచ్చేది శాకరోమైసిస్ బౌలార్డి. అది బ్యాక్టీరియా కాదు, ఈస్ట్. లాక్టోబాసిల్లస్ రకాలు కలిపినవి వేరు. ఇవి ఎక్కువగా అమ్ముడయ్యేది పిల్లల విరేచనాలకు, యాంటీబయాటిక్ కోర్సులతో పాటు. తాగిన మర్నాటికి అని ఏ డబ్బా మీదా ఉండదు. ఆ రోజు షాపులో మీకు ఇచ్చినవారు మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు, కానీ అది అంచనా మీద ఇచ్చిందే. డబ్బా వెనక పూర్తి పేరు, ఎన్ని కోట్ల జీవకణాలో, ఎంత చలిలో ఉంచాలో చదవండి. ఫ్రిజ్‌లో ఉంచాల్సినదాన్ని మే నెలలో బండి డిక్కీలో పెట్టి సాయంత్రం దాకా తిప్పితే అందులో బతికి ఉన్నవి ఎన్నో చెప్పలేం.

అంతకన్నా నాకు భయం వేసే సంగతి ఇంకొకటి. ఆదివారం పొద్దున తలనొప్పి అని వచ్చి పారాసెటమాల్ స్ట్రిప్ తీసుకుని, ఒకటి తగ్గలేదని రెండు, మూడు వేసేస్తారు. మందు తాగిన ఒంటికి అది లివర్ మీద దెబ్బ. విరేచనాలు అనగానే మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ అడుగుతారు. ఆ మాత్ర వేసుకుంటున్నప్పుడూ, అయిపోయాక కనీసం రెండు మూడు రోజులూ మందు ముట్టకూడదని స్ట్రిప్ ఇస్తూ చెబుతాను. వినేవాళ్లు తక్కువ. గ్యాస్ బిళ్ల రోజూ మింగడం ఇంకొకటి. కడుపులో యాసిడ్ కొన్ని చెడ్డ బ్యాక్టీరియాను ఆపే గేటు లాంటిది. డాక్టర్ చెప్పకుండా నెలల తరబడి ఆ గేటు తీసి ఉంచకండి.

తరవాణి_కుండ | బుధవారం, ఉదయం 11:10

మాది సిక్కోలు వైపు. పెళ్లయ్యాక సీతమ్మధార వచ్చాను. మీరంతా సాచెట్ల గురించి చెబుతుంటే మా అత్తగారి తరవాణి కుండ గుర్తొచ్చింది.

మట్టికుండలో వార్చిన గంజి, దాని మీద నీళ్లు, కాస్త ఉప్పు, రెండు దబ్బాకులు. గుడ్డ కట్టి వంటింటి మూల నీడలో పెట్టాలి. రెండో రోజు ఏమీ తెలియదు. మూడో రోజు గుడ్డ తీస్తే సన్నటి బుడగలు పైకి వస్తుంటాయి, పుల్లటి వాసన ముక్కుకు తగులుతుంది, దబ్బాకు పచ్చదనం పోయి గోధుమ రంగుకు తిరుగుతుంది. అప్పుడు రాత్రి మిగిలిన అన్నంలో పోసి పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తినడమే. చోడంబలి కూడా అలాగే పులియబెట్టేవాళ్లం.

మా మామగారు పోర్టులో పని చేసేవారు. రోజూ తాగేవారు. రోజూ పొద్దున తరవాణి అన్నమే తినేవారు, అది తింటే ఒంట్లో వేడి దిగిపోతుందని, రాత్రి తాగినదంతా పోతుందని ఆయన నమ్మకం. మేమూ నమ్మాం. 58 ఏళ్లకు లివర్ పోయి, పొట్ట నిండా నీరు చేరి పోయారు. తరవాణి మంచిదే. నా పిల్లలకు ఇప్పటికీ పెడతాను. కానీ అది తాగిన మందుకు విరుగుడని ఎవరైనా అంటే నేను ఊరుకోలేను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అరకు_దారి | బుధవారం, మధ్యాహ్నం 1:45

అమ్మా, మీరు రాసింది చదివి మనసు బరువెక్కింది.

నా అనుమానం ఒకటి. మా వైపు జీలుగు కల్లు తాగుతారు. కల్లులో కూడా పులియబెట్టే బ్యాక్టీరియా ఉంటుంది కదా, అది కడుపుకు చలవ అంటారు. విస్కీ బదులు కల్లు తాగితే పేగులకు మేలేనా?

సూక్ష్మజీవి_మేడమ్ | బుధవారం, రాత్రి 9:15

కల్లులో ఈస్ట్ ఉంటుంది, లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియా ఉంటుంది, నిజమే. గీసిన పూట తీయగా ఉన్నది గంటలు గడిచేకొద్దీ పులిసి ఆల్కహాల్ పెరుగుతుంది. పేగు గోడకు తగిలేది అదే ఆల్కహాల్. ముంతలో మంచి బ్యాక్టీరియా ఉందని ఎసిటాల్డిహైడ్ పుట్టడం ఆగదు.

ఇంకోటి, బతికున్న బ్యాక్టీరియా ఉన్న ప్రతిదీ ప్రోబయోటిక్ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి 2001లో ఒక నిర్వచనం ఇచ్చాయి. బతికి ఉండాలి, తగినంత మోతాదులో ఉండాలి, తీసుకున్నవారికి మేలు చేసినట్టు తేలాలి. మూడోదే కష్టం. ఇంటి పెరుగు మంచి ఆహారం, పాలు పడనివారికి కూడా సులువుగా అరుగుతుంది. కానీ తోడులో ఏ జాతి ఎంత ఉందో ఇంటింటికీ మారిపోతుంది. కాబట్టి దాని మీద మందులాంటి హామీ ఇవ్వలేం.

భీమిలి_రోడ్డు | బుధవారం, రాత్రి 10:40

అయితే తాగేవాళ్ల మీద ప్రోబయోటిక్స్ పరీక్షించిన వాళ్లే లేరా మేడమ్? అన్నీ ఎలుకల కబుర్లేనా?

సూక్ష్మజీవి_మేడమ్ | గురువారం, ఉదయం 6:05

ఉన్నారు. నాకు బాగా తెలిసినవి రెండు. 2008లో రష్యాలో మద్యానికి బానిసలై ఆసుపత్రిలో చేరిన 66 మంది మగవాళ్ల మీద ఒకటి జరిగింది. చేరినప్పుడు వాళ్ల పేగుల్లో బిఫిడోబ్యాక్టీరియా, లాక్టోబాసిల్లై మామూలు మనుషుల కన్నా తక్కువగా ఉన్నాయి. సగం మందికి 5 రోజుల పాటు ఆ రెండు జాతులూ ఇచ్చారు. మంచి బ్యాక్టీరియా సంఖ్య పెరిగింది, లివర్ ఎంజైములు మామూలు చికిత్స తీసుకున్నవారి కన్నా బాగా తగ్గాయి.

రెండోదీ అదే ఏడాది. మద్యం వల్ల లివర్ గట్టిపడిన 12 మందికి 4 వారాలు లాక్టోబాసిల్లస్ కేసై షిరోటా ఇచ్చారు. ఈ జబ్బులో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలకు సూక్ష్మజీవులను మింగే శక్తి మందగిస్తుంది. 4 వారాల తర్వాత ఆ శక్తి తిరిగి మామూలు స్థాయికి వచ్చింది. ఇమ్యూనిటీ గురించి అడిగారు కదా, ఇంత సూటిగా దాన్ని తాకిన పరిశోధన ఇది.

రష్యా ఆసుపత్రిలో వాళ్లు మందు మానేసి మంచం మీద ఉన్నారు. బ్యాక్టీరియా సాయం చేసింది మరమ్మతు జరుగుతున్న గోడకు. శనివారం శనివారం కొడుతున్న గోడకు అదే సాయం అందుతుందని ఆ ఫలితాలు చెప్పవు.

భీమిలి_రోడ్డు | గురువారం, ఉదయం 8:30

66 మంది, 12 మంది... ఇంత చిన్న సంఖ్యలతో నమ్మడం నాకు కష్టంగా ఉంది. కానీ ఆ చివరి మాటతో ఏకీభవిస్తాను.

మూడేళ్లైంది | గురువారం, రాత్రి 7:55

తమ్ముడూ, నేను మానేసి మూడేళ్లైంది. ప్రోబయోటిక్స్ మంచివే తప్ప చెడు చెయ్యవని అందరూ అనుకుంటారు. నా అనుభవం చెబుతాను.

కంచరపాలెంలో ఉండేవాళ్లం. ఒక ఆదివారం పొద్దున పొట్ట పైభాగంలో పొడుస్తున్నట్టు నొప్పి. వీపులోకి దూసుకుపోయింది. ముందుకు వంగి కూర్చుంటే కాస్త నయం, పడుకుంటే ప్రాణం పోతోంది. గ్యాస్ అనుకుని సోడా తాగాను. సాయంత్రానికి వాంతులు. ఆసుపత్రికి తీసుకెళ్తే పాంక్రియాస్ వాచింది, మందు వల్ల అన్నారు. మూడో రోజు మా ఆవిడ ఎవరో చెప్పారని ప్రోబయోటిక్ డ్రింకు చిన్న సీసాలు అయిదు కొని వార్డుకు తెచ్చింది. నా మూతికి పెట్టబోతుంటే డ్యూటీ డాక్టర్ చేయి అడ్డం పెట్టి ఆపారు. సీసా తీసుకుని కిటికీ గట్టు మీద పెట్టి, "ఈ స్థితిలో ఇది వద్దమ్మా, ప్రమాదం" అన్నారు. మాకు అర్థం కాలేదు. మంచి బ్యాక్టీరియాతో ప్రమాదం ఏంటని మా ఆవిడ ఏడ్చింది.

సూక్ష్మజీవి_మేడమ్ | గురువారం, రాత్రి 9:30

ఆ డాక్టర్ చేసింది సరైన పని. నెదర్లాండ్స్‌లో తీవ్రమైన పాంక్రియాస్ వాపు ఉన్న 298 మందితో ఒక పెద్ద పరిశోధన జరిగింది, 2008లో అచ్చయింది. ఇన్ఫెక్షన్లు తగ్గుతాయని ఆశించి సగం మందికి ప్రోబయోటిక్స్ ఇచ్చారు. ఇన్ఫెక్షన్లు తగ్గలేదు. చనిపోయినవారు ప్రోబయోటిక్ వర్గంలో 16 శాతం, రెండో వర్గంలో 6 శాతం. కొందరిలో పేగుకు రక్తం అందక కుళ్లిపోయింది. ఆరోగ్యంగా ఉన్నవారికి పెరుగు, సాచెట్ ప్రమాదం కాదు. కానీ ఐసీయూలో ఉన్నవారికి, ఇమ్యూనిటీ బాగా పడిపోయినవారికి ఇంట్లోవాళ్లు సొంతంగా ఇవ్వకూడదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్ | శుక్రవారం, ఉదయం 5:50

వార్డులో పని చేసేదాన్ని, డ్యూటీ దిగి రాస్తున్నాను. గాజువాక తమ్ముడూ, మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా, కళ్లు పచ్చబడినా, మూడేళ్లైంది అన్నయ్యకు వచ్చినట్టు నొప్పి వీపులోకి వెళ్లినా ఒక్క పూట కూడా ఆగకండి. రాత్రయితే రాత్రే వెళ్లాలి. కేజీహెచ్‌లో ఎమర్జెన్సీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

ఇది చదివే రోజూ తాగేవాళ్లకు ఒక మాట. సొంతంగా ఒక్కసారిగా మానెయ్యకండి. మానిన రెండు మూడు రోజులకు చేతులు వణకడం, లేనివి కనిపించడం, ఫిట్స్ వచ్చిన వాళ్లను చూశాను. డాక్టర్ దగ్గర మానాలి. సిగ్గుపడి ఇంట్లో దాచిపెట్టుకుంటే అది ప్రాణం మీదకు వస్తుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు.

విశాఖలో ఉన్నాం కాబట్టి ఇంకొకటి. లివర్ దెబ్బతిన్నవాళ్లు సగం ఉడికిన రొయ్యలు, పచ్చి గుల్లలు తినకూడదు. సముద్రపు నీళ్లలో ఉండే ఒక రకం విబ్రియో బ్యాక్టీరియా మామూలు మనిషిని వదిలేసినా వాళ్లను వదలదు.

గాజువాక_షిఫ్ట్ | ఐదు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:15

ఇన్నాళ్లూ రాయలేదు, క్షమించండి. మీ అందరి మాటలూ రెండుసార్లు చదివి, మా ఆవిడకు చదివి వినిపించాను.

టెస్టులు చేయించుకున్నాను. ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైమ్ కాస్త ఎక్కువ ఉంది. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1, అంటే లివర్‌లో కొవ్వు చేరడం మొదటి దశలో ఉంది. డాక్టర్ గారు మందు ఆపమన్నారు, మూడు నెలలకు మళ్లీ చూద్దామన్నారు. సాచెట్లు అవసరం లేదన్నారు. ఐదు శనివారాల్లో నాలుగు కూర్చోలేదు. నాలుగో వారం మా బావమరిది పెళ్లి, అక్కడ ఒక క్వార్టర్ తాగాను. ఆదివారం మళ్లీ అదే ఉబ్బరం, అవే విరేచనాలు. తాగని నాలుగు ఆదివారాలూ కడుపు మామూలుగా ఉంది. సాచెట్ వేసుకున్న వారాల్లో ఇంత తేడా నాకు తెలియలేదు. జలుబు ఈ ఐదు వారాల్లో రాలేదు, అయితే ఈ నెల నైట్ షిఫ్టులు తక్కువ పడ్డాయి, కాబట్టి దాని సంగతి ఇంకా చెప్పలేను.

రోజూ మజ్జిగ తాగుతున్నాను, రైతుబజార్ నుంచి ఆకుకూరలు, చిక్కుళ్లు తెస్తున్నాం. మేడమ్, ఇది సరిపోతుందా?

తరవాణి అమ్మా, మీరు చెప్పినట్టే కుండ పెట్టాను. నాలుగో రోజుకు పైన తెల్లటి పొర కట్టింది. తీసేసి వాడుకోవచ్చా?

సూక్ష్మజీవి_మేడమ్ | ఆదివారం, రాత్రి 8:40

చాలా సంతోషం బాబూ. ఆకుకూరలు, చిక్కుళ్లు అసలైన సంగతి. పీచు పెద్దపేగులోకి దిగితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ తయారు చేస్తాయి. పేగు గోడ కణాలకు అదే ముఖ్యమైన తిండి. మీ పేగులో ఉన్న బ్యాక్టీరియాకు అన్నం పెడుతున్నారన్నమాట. మజ్జిగ, పులిసిన ఆహారం దానికి తోడు. 2021లో 36 మందితో జరిగిన పరిశోధనలో పది వారాలు పులియబెట్టిన ఆహారం బాగా తిన్నవారిలో పేగు బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో వాపును చూపే 19 ప్రోటీన్లు తగ్గాయి. వాళ్లు తిన్నది పది వారాలు, రోజూ. మూడు నెలల తర్వాత మీ రిపోర్టు ఇక్కడ రాయండి, ఎదురుచూస్తాను.

తరవాణి_కుండ | ఆదివారం, రాత్రి 9:20

పారబోసెయ్ బాబూ. పలచగా తెల్లగా ఉంటే మా అత్తగారు తీసేసి వాడేవారు గానీ, నీకు ఇదే మొదటిసారి, పైగా లివర్‌లో ఇబ్బంది అంటున్నావు. నల్లగా, పచ్చగా, బూజులా నూగు ఉంటే ఎవరూ వాడకూడదు. కుండ వేడినీళ్లతో కడిగి రెండు రోజులు ఎండలో బోర్లించు. సబ్బు పెట్టకు, మట్టి పీల్చేస్తుంది. ఈసారి గంజి పూర్తిగా చల్లారాక పొయ్యి, రోజూ ఒకసారి శుభ్రమైన గరిటెతో కలుపు. పాపకు అప్పుడే పెట్టకండి, మీరిద్దరూ తిని చూశాక చెప్పు.

గాజువాక_షిఫ్ట్ | ఆదివారం, రాత్రి 9:34

సరే అమ్మా. రేపు ఫస్ట్ షిఫ్ట్. వచ్చాక కుండ మేడ మీద పెడతాను.